శేషం లాభం

జులైలో, ఎర్రనీరు దిగకముందే
పంటు మీద వచ్చింది మా బడికి
ఆ పెద్ద నల్ల తెర.
అటు ఇద్దరు, ఇటు ఇద్దరు పట్టుకుంటే
మా ఇంటి పాత దుప్పటి కప్పుకుని
పురిటికెళ్లే మనిషిలా మెల్లగా
వైనతేయ దాటింది.
దానిక్కూడా టిక్కెట్టు అడిగాడు సరంగు.
"మనిషి లెక్కా, మేక లెక్కాండీ?"
ఆ ఏడాది మా బడిలో మొదటి లెక్క అదే.

గోడకి బిగించాక కాసేపు
పద్దెనిమిది మందీ అందులో మొహాలు చూసుకున్నారు.
వెలిగించగానే మొహాలు పోయి
పిజ్జా వచ్చింది.
ఎనిమిది ముక్కల్లో మూడు తింటే
మిగిలిన భాగమెంత?
"ఏంటండీ అది?"
"మాడిపోయిన దిబ్బరొట్టిరా."
సరే, దిబ్బరొట్టినే కోశాం
వేలితో, గాజు మీద.
పోలరాజు మూడు ముక్కలూ తానే తిన్నట్టు
మూతి తుడుచుకున్నాడు.

దాచుకోవడం ఎందుకు,
పదమూడేళ్లు సుద్దపొడి మింగుతూ నేను చెప్పిన ఎక్కాలు
ఆ తెరలో చేపలై ఈదుతుంటే
కాస్త కుళ్లు పుట్టింది నాకు.
గుణకారమంటే బల్లకింద దూరే ఏసుమణి
ఆరేళ్ల చేపను పట్టడానికి
మోకాళ్ల మీద పాక్కుంటూ ముందుకొచ్చాడు.
"నలభై రెండు!"
వాడికంత గొంతుందని నాకు తెలీదు.

కప్ప ఆట దగ్గరే వచ్చింది పేచీ.
ఒకటి అంటే మొదటి ఆకు మీదికి దూకుతుంది,
రెండు అంటే రెండో ఆకు మీదికి.
నూకరత్నం వంతు.
మూడో తరగతి. నాన్న దింపు తీస్తాడు,
అమ్మ రాశి దగ్గర కాయలు లెక్కపెడుతుంది.
చేతులు కట్టుకుని నిలబడి
"లాభం" అంది.
కప్ప కదల్లేదు.
కప్పకి చెవుడేమో అని
"లాభం!" అంది మళ్లీ, గట్టిగా.
"మరోసారి ప్రయత్నించు"
తెర తియ్యగా చెప్పింది, పట్నం గొంతుతో.
అందరూ నవ్వారు.
ఆ పిల్ల నవ్వలేదు, ఏడవనూ లేదు.
"ఒకటి అనవే" అన్నాను నేను.
"ఒకటి అంటే రాశి ఒక్కకాయ దగ్గరే ఆగిపోద్దండి.
మొదటిది లాభం. తర్వాత రెండు."

సాయంత్రం పంటు మీద
బండి సీటు పట్టుకుని నిలబడ్డాను.
మా తాతయ్య కుంచంతో ధాన్యం కొలుస్తూ
లాభం, లాభం, లాభం అని
రెండో కుంచం ముంచేదాకా సాగదీసేవాడు.
ఎప్పుడు తుడిచేశానో దాన్ని.
ఏ డస్టరుతో.

మర్నాడు ఆ యంత్రం కడుపులో వెతికితే దొరికింది
'మీ గొంతు చేర్చండి' అనే గడి.
ఫ్యాను ఆపాం, కిటికీలు మూశాం.
మూడుసార్లు కాకి పాడుచేసింది.
నాలుగోసారి కాకి అరుపు తోకతో సహా
నూకరత్నం లాభం లోపల పడింది.
కప్ప దూకింది.

తర్వాత వరద. తొమ్మిది రోజులు కరెంటు లేదు.
తెర మళ్లీ దుప్పట్లోకి వెళ్లింది.
బడి మెట్లే సంఖ్యారేఖ అయ్యాయి మాకు.
మునిగినవి నాలుగు, మిగిలినవి రెండు,
పొద్దున్నకి మిగిలింది...
ఎవరూ చెప్పలేదు జవాబు.

నవంబరులో ఎంఈవో గారొచ్చారు.
ఇరవై అయిదు కాయలు నలుగురికి పంచమన్నారు.
నూకరత్నం తెర మీద నాలుగు సున్నాలు చుట్టి
వేలికొక కాయ చొప్పున లాగి
టకటకా పంచేసింది.
"తలా ఆరండి."
"మరి శేషం?"
"లాభం అండి."
ఆయన నా వైపు చూశారు.
దిద్దడానికి లేచిన నా చెయ్యి
సగంలో దారి మార్చుకుని
తెర వెనక వైరు సర్దింది.

పుస్తకంలో ఏదో రాసుకున్నారు, చూపించలేదు.
తిరుగు పంటు దగ్గర
సరంగు ఇచ్చిన చిల్లర లెక్కపెట్టుకుంటున్నారు.
నేను దూరంగా ఉన్నాను, ఇంజను మోత.
కానీ మొదటి నాణేనికి
ఆయన పెదాలు రెండూ కలిసి విడిపోయాయి.

ఒకటి అనే మాటకి
పెదాలు కలవవు.